అర్ధరాత్రి రూటర్ మార్చేది ఎవరు? చైనా టెలికాం రంగంలో జూనియర్ ఇంజినీరు కొలువు తీరు

సంక్షిప్తంగా: చైనా టెలికాం రంగంలో కొత్తగా చేరిన నెట్‌వర్క్ ఇంజినీరు బతుకు ఎలా సాగుతుందన్నది అతను చేసే పనికన్నా అతని నియామక పత్రం మీద ఉన్న సంస్థ పేరును బట్టే ఎక్కువగా తేలుతుంది. ఫోన్ సేవలందించే ప్రభుత్వ సంస్థ (ఆపరేటర్), పరికరాల తయారీ సంస్థ, పొరుగు సేవల సంస్థ... ఈ మూడింటి మనుషులూ ఒకే రాత్రి ఒకే యంత్రం దగ్గర పనిచేస్తారు. పని గంటలు, జీతం, తప్పు జరిగితే పడే భారం మాత్రం ముగ్గురికీ మూడు రకాలు. చట్టం అందరికీ ఒకటే అయినా, అది ఎంతవరకు అమలవుతుందో ఒప్పందాల గొలుసు నిర్ణయిస్తోంది.

చైనాలో టెలికాం ఉద్యోగం గురించి రెండు రకాల కథనాలు వినిపిస్తుంటాయి. ఒకదాని ప్రకారం ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా వారానికి ఆరు రోజుల పని, బల్ల కింద చుట్టిపెట్టుకున్న పరుపు, ముప్పై అయిదేళ్లు దగ్గరపడుతుంటే ఉద్యోగ భయం. రెండో దాని ప్రకారం ప్రభుత్వ సంస్థలో నిలకడైన కొలువు, మధ్యాహ్నం కాసేపు కునుకు, ఇంటి కోసం జమయ్యే గృహ నిధి, సాయంత్రం వేళకు ఇంటికి చేరడం. రెండూ నిజమే. అవి రెండు వేర్వేరు రకాల సంస్థల గురించిన మాటలని తెలియకపోవడం వల్ల అయోమయం ఏర్పడుతోంది. పరికరాలు తయారుచేసే హువావేని, ఫోన్ సేవలందించే చైనా మొబైల్‌ను ఒకే గాటన కట్టి ‘చైనా టెలికాం కంపెనీలు’ అనడంతోనే చిక్కు మొదలవుతుంది. పైగా ఈ రెండు కథనాల్లోనూ కనిపించని మూడో మనిషి ఒకడున్నాడు. ఊళ్లలో టవర్లెక్కేది, అర్ధరాత్రి యంత్రాల గదిలో ఫైబర్ తీగలు మార్చేది ఎక్కువగా అతనే.

## మూడు గుమ్మాలు

1994 దాకా చైనాలో టెలిఫోను అంటే తపాలా, టెలికమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖ ఒక్కటే. ఆ ఏడాది చైనా యునికామ్ ఏర్పడటంతో పోటీకి తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత వరుసగా విభజనలు, విలీనాలు జరిగి, 2008 పునర్‌వ్యవస్థీకరణ నాటికి చైనా మొబైల్, చైనా టెలికాం, చైనా యునికామ్ అనే మూడు పెద్ద ఆపరేటర్లు మిగిలాయి. మూడూ కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలే. టవర్లను ఎవరికి వారు కట్టుకోకుండా 2014లో చైనా టవర్ అనే ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేశారు. ఒక్క చైనా మొబైల్‌లోనే సుమారు నాలుగున్నర లక్షల మంది ఉద్యోగులున్నారు. దాని చందాదారులు 100 కోట్ల దాకా ఉన్నారు. ప్రావిన్సుకో కంపెనీ, దాని కింద నగర శాఖ, ఇంకా కింద కౌంటీ శాఖ అన్న అంచెల్లో ఈ యంత్రాంగం నడుస్తుంది. కాలేజీ నుంచి వచ్చిన ఇంజినీరుకు మొదట దొరికేది చాలాసార్లు నగర శాఖలోనో కౌంటీ శాఖలోనో చోటు.

రెండో గుమ్మం పరికరాల తయారీ సంస్థలది. షెంజెన్‌లో 1985లో జడ్‌టీఈ, 1987లో 21,000 యువాన్ల మూలధనంతో హువావే మొదలయ్యాయి. 2023 నాటికి హువావే సిబ్బంది సుమారు 2.07 లక్షలు. వారిలో సగానికి పైగా పరిశోధన, అభివృద్ధి విభాగాల వారే. మిగతా వారిలో ఆపరేటర్ల దగ్గరికి వెళ్లి యంత్రాలు అమర్చి, నడిపించి, అప్పగించే వారు ఒక పెద్ద వర్గం. జూనియర్ నెట్‌వర్క్ ఇంజినీరు అనే మాటకు ఇక్కడ ఎక్కువగా అర్థం ఈ వర్గమే.

మూడోది పొరుగు సేవల సంస్థల గుమ్మం. ఇది ఎలా పెరిగిందో తెలిస్తేనే మిగతా వ్యవహారం బోధపడుతుంది. 2008 జనవరి 1న అమల్లోకి వచ్చిన కార్మిక ఒప్పంద చట్టం సంస్థలకు గట్టి నిబంధనలు పెట్టింది. వరుసగా పదేళ్లు పనిచేసినా, నిర్ణీత కాల ఒప్పందం రెండుసార్లు పూర్తయినా, ఉద్యోగి గడువు లేని ఒప్పందం కోరవచ్చు. చట్టం పేర్కొన్న సందర్భాల్లో తొలగించాలంటే పనిచేసిన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం లెక్కన పరిహారం ఇవ్వాలి. చట్ట విరుద్ధంగా తొలగిస్తే దానికి రెట్టింపు. నేరుగా నియమించుకోవడం ఇలా ఖర్చుతో కూడుకున్నది కావడంతో, మనుషులను సరఫరా చేసే సంస్థల ద్వారా తీసుకోవడం పెరిగిపోయింది. ప్రభుత్వ ఆపరేటర్లు ఇందుకు మినహాయింపు కాదు. దీన్ని అదుపు చేసేందుకు 2013 జులై నుంచి సమాన పనికి సమాన వేతనం నిబంధనను కట్టుదిట్టం చేశారు. 2014 మార్చిలో వచ్చిన నిబంధనలు, సరఫరా ద్వారా వచ్చిన సిబ్బంది మొత్తంలో 10 శాతం మించరాదని చెప్పి రెండేళ్ల గడువిచ్చాయి.

పరిమితి మనుషుల సరఫరాకే వర్తించింది. పనిని మొత్తంగా గుత్తకు ఇస్తే వర్తించదు. అందువల్ల మొబైల్ సిగ్నళ్లు పంపే బేస్ స్టేషన్ల నిర్వహణ, ఫైబర్ మరమ్మతు, ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ అమర్చడం లాంటి పనులు సేవా ఒప్పందాల రూపంలో బయటి సంస్థలకు మరింతగా వెళ్లాయి. తయారీ సంస్థల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. హువావే కార్యాలయంలో కూర్చుని, హువావే పనే చేస్తూ, నియామక పత్రం మాత్రం మరో సంస్థ పేరు మీద ఉన్న ఇంజినీర్లు అక్కడ సాధారణ దృశ్యం. వారి హోదాల వరుస వేరు, షేర్ల పథకంలో వారికి చోటు లేదు. కాలేజీ స్థాయి, మార్కులు కాస్త తగ్గిన వారికి పెద్ద సంస్థలోకి తొలి దారి తరచూ ఇదే అవుతోంది.

## రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా

పాత రూటర్ తీసి కొత్తది పెట్టడం, రద్దీని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించడం, సాఫ్ట్‌వేర్ మార్చడం లాంటి పనులను టెలికాం వాళ్లు కట్‌ఓవర్ అంటారు. వాడకం అతి తక్కువగా ఉండేది వేకువకు ముందు కాబట్టి చైనాలో ఇలాంటి వాటికి సాధారణంగా అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా సమయం కేటాయిస్తారు. జూనియర్ ఇంజినీరు ఉద్యోగంలో అసలు బరువంతా ఈ ఆరు గంటల్లోనే ఉంది. అందుకే ఒక రాత్రి పని ఎలా సాగుతుందో దగ్గరగా చూడటం అవసరం.

ఒక నగరంలో రూటర్ మార్పిడి జరగాలనుకుందాం. పని కొన్ని రోజుల ముందే కాగితం మీద మొదలవుతుంది. ఏ పోర్టులోని తీగ ఏ పోర్టుకు పోవాలి, ఏ ఆదేశం తర్వాత ఏది ఇవ్వాలి, ఎన్ని నిమిషాల్లో ఏ ఫలితం కనిపించాలి, కనిపించకపోతే ఏ మెట్టు దగ్గర వెనక్కి మళ్లాలి అన్నవన్నీ వరుసగా రాసిన పత్రం సిద్ధమవుతుంది. రాసేది సాధారణంగా తయారీ సంస్థ ఇంజినీరు. పరిశీలించి ఆమోదించేది ఆపరేటర్. కొత్తవారికి తొలి నెలల్లో అప్పగించే పని తరచూ ఇదే. పాత యంత్రంలోని కాన్ఫిగరేషన్‌ను, అంటే అది ఎలా నడవాలో చెప్పే ఆదేశాల జాబితాను, వరుస వరుసా చదివి, కొత్త యంత్రానికి తగినట్టు తిరగరాయాలి. అమెరికా పరికరాల సంస్థ సిస్కో పాఠాలు చదువుకుని వచ్చిన వారు చేతి అలవాటు మార్చుకోక తప్పదు. అక్కడ ‘షో’ అని కొట్టేచోట హువావే యంత్రంలో ‘డిస్‌ప్లే’ అని కొట్టాలి. అక్కడ ‘నో’ అంటే ఇక్కడ ‘అన్‌డూ’. పగటిపూట ఇది నాలుగు రోజుల్లో అలవాటయ్యే తేడా. రాత్రి మూడింటికి, వెనక ఇద్దరు నిలబడి చూస్తుండగా, ఏ వరుసను తీసేస్తున్నామో ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సిన తేడా కూడా అదే.

అర్ధరాత్రికి ముగ్గురూ తమ తమ చోట్ల ఉంటారు. ఆపరేటర్ ఉద్యోగి నెట్‌వర్క్ నిర్వహణ కేంద్రంలో అలారాల తెర ముందు కూర్చుంటాడు. తయారీ సంస్థ ఇంజినీరు ల్యాప్‌టాప్‌తో యంత్రాల గదిలోనో, దూరం నుంచి అనుసంధానమయ్యో ఉంటాడు. ప్యాచ్ కార్డులు (పోర్టులను కలిపే పొట్టి తీగలు) పట్టుకుని, యంత్రాలు అమర్చిన చట్రం, అంటే రాక్, వెనక నిలబడేది పొరుగు సేవల మనిషి. ముందుగా ఉన్న కాన్ఫిగరేషన్‌ను భద్రపరుస్తారు. ‘డిస్‌ప్లే ఓఎస్‌పీఎఫ్ పీర్’, ‘డిస్‌ప్లే బీజీపీ పీర్’ ఆదేశాలు (ఓఎస్‌పీఎఫ్, బీజీపీ అన్నవి రూటర్లు దారుల సమాచారం పంచుకునే పద్ధతులు) ఇచ్చి, పక్క రూటర్లతో సంబంధాలు ఎన్ని నిలిచి ఉన్నాయో నమోదు చేస్తారు. పోర్టుల్లోకి వస్తున్న కాంతి బలం ఎంతో రాసుకుంటారు. ఆ తర్వాతే తీగ తీస్తారు. మార్పు అయ్యాక అవే ఆదేశాలు మళ్లీ ఇచ్చి, వచ్చిన జాబితాను ముందటి జాబితాతో పోల్చి చూస్తారు. ఒక లేబుల్ తప్పుగా అంటించి ఉన్నా, ఒక ఫైబర్ కొస మీద దుమ్ము ఉన్నా గంట గడిచిపోతుంది. పరీక్ష కాల్స్ చేసి, డేటా వేగం చూసి, నిర్వహణ కేంద్రం ఒప్పుకున్నాక పని పూర్తయినట్టు. అయినా తెల్లవారి జనం ఫోన్లు చేతిలోకి తీసుకునే వేళ దాకా ఎవరో ఒకరు అంటిపెట్టుకుని ఉండాలి. రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు కనిపించని లోపం రద్దీలో బయటపడుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకో పొరుగు దేశం అనుభవం చెబుతుంది. జపాన్‌లో 2022 జులై 2న తెల్లవారుజామున అక్కడి టెలికాం సంస్థ కేడీడీఐ సాధారణ నిర్వహణలో భాగంగా ఒక రూటర్ మార్చింది. రద్దీ మళ్లింపులో పొరపాటు జరిగింది. వాయిస్ సేవ నిమిషాల పాటు తెగింది. ఆ కాసేపట్లో తెగిపోయిన ఫోన్లన్నీ ఒక్కసారిగా మళ్లీ నమోదు కావడానికి ప్రయత్నించడంతో కీలక వ్యవస్థలు ఉక్కిరిబిక్కిరయ్యాయి. 3 కోట్లకు పైగా కనెక్షన్ల మీద ప్రభావం పడింది. సేవలు పూర్తిగా కుదురుకోవడానికి రోజులు పట్టింది. చైనాలోనూ 2023 జూన్ 8న గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సులో చైనా టెలికాం సేవలు కొన్ని గంటల పాటు స్తంభించాయి. సంస్థ క్షమాపణ చెప్పింది. దీనికి తోడు చైనా టెలికాం, చైనా యునికామ్ 2019 సెప్టెంబరు ఒప్పందంతో 5జీ రేడియో నెట్‌వర్క్‌ను కలిసి నిర్మించుకున్నాయి. ఉమ్మడి నెట్‌వర్క్‌లో ఒక పొరపాటు జరిగితే ఇబ్బంది పడేది రెండు సంస్థల చందాదారులు.

రాత్రి గడిచాక ముగ్గురి దారులూ వేరవుతాయి. ఆపరేటర్ ఉద్యోగికి మరుసటి రోజు సెలవో, షిఫ్టు మార్పో దొరికే అవకాశం ఎక్కువ. తయారీ సంస్థ ఇంజినీరు నివేదిక రాసి, తర్వాతి కట్‌ఓవర్ పత్రం మొదలుపెట్టాలి. పొరుగు సేవల మనిషికి ఆ రోజు ఫిర్యాదుల జాబితా ఎదురుచూస్తుంటుంది. ఆ ఫిర్యాదులకూ గడియారం ఉంది. చైనా టెలికమ్యూనికేషన్ల నిబంధనల ప్రకారం చందాదారు ఫిర్యాదు చేసిన తర్వాత పట్టణాల్లో 48 గంటల్లో, గ్రామాల్లో 72 గంటల్లో సేవను పునరుద్ధరించాలి. ఆపరేటర్లు తమ కింద పనిచేసే సంస్థలకు పెట్టే గడువు దీనికన్నా బాగా తక్కువ. గడువు దాటితే నెలవారీ మార్కులు తగ్గుతాయి, మార్కులు తగ్గితే నిర్వహణ రుసుములో కోత పడుతుంది. ఆ కోత చివరికి చేరేది కింది మనిషి జీతానికే. నిబంధన పై సంస్థ మీద ఉంది, ఒత్తిడి కింద పడుతోంది. ఈ రంగంలో అన్యాయమంతా ఇక్కడే పోగుపడుతోంది.

మరో సంగతి బయటివారికి అంతగా తెలియదు. వసంతోత్సవం, అక్టోబరు జాతీయ దినోత్సవ సెలవులు, మార్చిలో జాతీయ ప్రజా కాంగ్రెస్ సమావేశాలు లాంటి సందర్భాల్లో నెట్‌వర్క్‌లో మార్పులేవీ చేయకూడదని నిషేధం పెడతారు. ఆ రోజుల్లో కట్‌ఓవర్లు ఉండవు, బదులుగా కాపలా డ్యూటీలు పెరుగుతాయి. ఊరికి వెళ్లే వరుసలో కొత్తవారు వెనకబడతారు. నిషేధం మొదలయ్యేలోగా పనులు ముగించాలి కాబట్టి పండుగకు ముందు వారాలు కిక్కిరిసిపోతాయి. ఏడాది పొడవునా ఒకే తీరులో ఉండే పని కాదిది. అందుకే ‘వారానికి ఎన్ని గంటలు’ అన్న ప్రశ్నకు ఒక్క అంకెలో జవాబు దొరకదు.

## చట్టం చెప్పే గంటలు

చైనా కార్మిక చట్టం 1995 జనవరి నుంచి అమల్లో ఉంది. రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు ప్రామాణిక పని. అదనపు పని నెలకు 36 గంటలు మించరాదు. మామూలు రోజుల్లో అదనపు గంటకు ఒకటిన్నర రెట్లు, ప్రత్యామ్నాయ సెలవు ఇవ్వని వారాంతంలో రెండు రెట్లు, పండుగ సెలవుల్లో మూడు రెట్లు చెల్లించాలి. కాగితం మీద ఇది ఉదారమైన చట్టమే. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా వారానికి 6 రోజులు, అంటే 72 గంటలకు దారితీసే ‘996’ పద్ధతి ఈ లెక్క ప్రకారం ఏ కోశానా చెల్లదు.

మరి అదనపు గంటలు ఎలా నడుస్తున్నాయి? ఒక దారి చట్టంలోనే ఉంది. నిరంతరాయంగా పనిచేయాల్సిన రంగాల్లో గంటలను రోజువారీగా కాకుండా వారం, నెల, త్రైమాసికం లేదా ఏడాది సగటు మీద లెక్కించేందుకు కార్మిక శాఖ అనుమతి తీసుకోవచ్చు. 1994 నాటి నిబంధనలు ఇలాంటి రంగాల జాబితాలో రైల్వే, విమానయానంతో పాటు తపాలా, టెలికాంను పేరు పెట్టి చేర్చాయి. ఈ లెక్కలో వారాంతపు షిఫ్టుకు రెండు రెట్ల చెల్లింపు వర్తించదు. మొత్తం సగటు మించితేనే ఒకటిన్నర రెట్లు. నిర్వహణ కేంద్రంలో రాత్రి షిఫ్టులు చేసేవారికి ఆదివారం కూడా మామూలు పని దినం కావడానికి ఇదే ఆధారం.

ఇంకో దారి సంస్థ సంస్కృతిలో ఉంది. హువావే తొలినాళ్ల నుంచీ బల్ల కింద పరుపును అంకితభావానికి గుర్తుగా చెప్పుకుంది. 2006లో అక్కడ ఒక యువ ఇంజినీరు వరుసగా అదనపు పని చేసిన తర్వాత జబ్బుపడి మరణించినప్పుడు ఆ పరుపు మీద చైనా పత్రికల్లో తీవ్ర చర్చ జరిగింది. కొత్త ఒప్పంద చట్టం అమలుకు కొద్ది నెలల ముందు, 2007లో, ఎనిమిదేళ్ల సర్వీసు దాటిన సుమారు 7,000 మంది హువావే ఉద్యోగులు రాజీనామా చేసి మళ్లీ కొత్త ఒప్పందాలతో చేరడం దేశవ్యాప్త వివాదమైంది. వేతనంతో కూడిన వార్షిక సెలవును, అదనపు పని చెల్లింపును స్వచ్ఛందంగా వదులుకుంటున్నట్టు ఉద్యోగుల నుంచి రాయించుకున్నారన్న కథనాలు 2010లో వెలువడ్డాయి. అలా రాసిచ్చినవారిని సంస్థ ‘శ్రమించేవారు’గా గుర్తిస్తుంది. బోనస్, షేర్ల పంపిణీలో ఆ గుర్తింపే కీలకం.

ఇలాంటి పత్రాలు చెల్లవని 2021 ఆగస్టులో సుప్రీం పీపుల్స్ కోర్టు, మానవ వనరుల మంత్రిత్వ శాఖ కలిసి స్పష్టం చేశాయి. అప్పుడు విడుదల చేసిన పది ఉదాహరణ కేసుల్లో ఒకటి సరిగ్గా దీని గురించే. ఒక టెక్నాలజీ సంస్థ ఉద్యోగి అదనపు పని చెల్లింపు వద్దని సంతకం చేసినా ఆ సంతకానికి విలువ లేదని తేల్చి, 24,000 యువాన్లు చెల్లించాలని ఆదేశించారు. తీర్పు గట్టిదే. దాన్ని వాడుకోవాలంటే మాత్రం ఉద్యోగి మధ్యవర్తిత్వ కమిటీ ముందుకు వెళ్లాలి, గంటల రుజువులు చూపాలి. ఉద్యోగంలో ఉంటూ ఆ పని చేసేవారు అరుదు. రంగం చిన్నది, తర్వాతి యజమానికి విషయం తెలుస్తుందన్న భయం పెద్దది.

## జీతం వెనక ఉన్న లెక్క

హువావే షేర్లు స్టాక్ మార్కెట్లో ఉండవు. కార్మిక సంఘం ద్వారా ఉద్యోగులే వాటిని కలిగి ఉంటారు. 2022 చివరికి ఇలాంటి ఉద్యోగులు సుమారు 1.42 లక్షల మంది. వ్యవస్థాపకుడు రెన్ జెంగ్‌ఫెయ్ వాటా ఒక శాతం కన్నా తక్కువ. ఈ షేర్లను అమ్ముకోలేరు, బయటికి బదిలీ చేయలేరు. ఏటా లాభంలో వాటా వస్తుంది. సాధారణంగా, సంస్థ వదిలితే షేరును సంస్థే తిరిగి తీసుకుంటుంది. 2013 నుంచి అయిదేళ్ల కాలపరిమితితో మరో ప్రోత్సాహక పథకం కూడా తెచ్చారు. డిగ్రీతో చేరిన ఇంజినీరు సాధారణంగా 13వ స్థాయిలో మొదలవుతాడు. మొదటి కొన్నేళ్లు అతనికి జీతం, బోనస్ మాత్రమే. అసలు సంపద పై స్థాయిల్లో ఉంది. ఏటా ఏ, బీ ప్లస్, బీ, సీ, డీ అని గ్రేడు వేస్తారు. సీ పడితే బోనస్, పదోన్నతి రెండూ దెబ్బతింటాయి.

ఈ ఏర్పాటులో ఎవరూ ఇంటికి వెళ్లవద్దని చెప్పాల్సిన పని లేదు. పక్కవాడు తొమ్మిది దాకా కూర్చుంటే, గ్రేడు ఇద్దరిలో ఒకరికే వస్తుందని తెలిస్తే, మనిషి తానే కూర్చుంటాడు. నెలలో చివరి శనివారం పని చేయడం హువావేలో ఏనాడో స్థిరపడిన ఆనవాయితీ. రాత్రి పొద్దుపోయే దాకా ఉన్నవారికి ఉచిత తిండి, ఇంటికి బస్సు దొరుకుతాయి. ఇవి సౌకర్యాలే, ఆలస్యాన్ని మామూలు సంగతిగా మార్చేసే సాధనాలు కూడా. మరోవైపు 2019లో ఎనిమిది మంది డాక్టరేట్ పట్టభద్రులకు ఏడాదికి 8.96 లక్షల నుంచి 20.1 లక్షల యువాన్ల దాకా జీతాలు ప్రకటించి హువావే పతాక శీర్షికలకెక్కింది. ఆ వార్త చూసి చేరే సాధారణ పట్టభద్రుడికి, ఆ ఎనిమిది మందికి మధ్య ఉన్న దూరం వార్తల్లో కనిపించదు.

ఆపరేటర్ దగ్గర లెక్క వేరు. మూల వేతనం తయారీ సంస్థతో పోలిస్తే తక్కువ. పింఛను, వైద్యం, నిరుద్యోగం, పని ప్రమాదం, ప్రసూతి బీమాలతో పాటు గృహ నిధి కూడా నిబంధనల ప్రకారం జమ అవుతుంది. గృహ నిధికి జీతంలో 5 నుంచి 12 శాతం ఉద్యోగి, అంతే మొత్తం సంస్థ చెల్లిస్తాయి. స్థిరమైన ఆపరేటర్లు పై అంచుకు దగ్గరగా చెల్లిస్తుంటే చిన్న పొరుగు సేవల సంస్థలు కింది అంచుతో సరిపెడతాయి. పెద్ద నగరంలో ఇల్లు కొనాలనుకునే యువకుడికి ఈ ఒక్క తేడా ఏళ్ల తరబడి లెక్కకు వస్తుంది. అయితే ఆపరేటర్ కొలువులోనూ ఒక పోటు ఉంది. కౌంటీ, నగర శాఖల్లో సాంకేతిక సిబ్బందికి కూడా సిమ్‌లు, బ్రాడ్‌బ్యాండ్ ప్యాకేజీలు అమ్మే లక్ష్యాలు పెట్టడం విస్తృతంగా ఉంది. రూటింగ్ నేర్చుకున్న ఇంజినీరు బంధువులకు ఫోన్లు చేసి ప్లాన్ మార్చుకోమని అడగాల్సి రావడం వృత్తి నైపుణ్యానికి జరిగే నష్టమే.

## ఒత్తిడి ఎందుకు సడలడం లేదు

మొదటి కారణం మనుషుల సరఫరా. 2023లో చైనా కాలేజీల నుంచి 1.158 కోట్ల మంది పట్టభద్రులు బయటికి వచ్చారు. 2025లో 1.222 కోట్ల మంది. 2023 జూన్‌లో 16–24 ఏళ్ల వారిలో నిరుద్యోగం 21.3 శాతానికి చేరింది. ఆ తర్వాత ప్రభుత్వం కొంతకాలం ఆ గణాంకాలు నిలిపివేసి, విద్యార్థులను మినహాయించిన కొత్త లెక్కతో మళ్లీ మొదలుపెట్టింది. వరుసలో ఇంతమంది నిలబడి ఉన్నప్పుడు కొత్తగా చేరిన ఇంజినీరు షరతులు పెట్టలేడు.

రెండోది పెట్టుబడుల చక్రం. 2019 జూన్‌లో 5జీ లైసెన్సులు ఇచ్చాక చైనా ఊహించని వేగంతో నిర్మించింది. 2024 చివరికి 5జీ బేస్ స్టేషన్లు సుమారు 42.5 లక్షలకు చేరాయి. ఆ అయిదేళ్లూ కట్‌ఓవర్లకు, సైట్ పనులకు కొదవ లేదు. ఇప్పుడు నిర్మాణం మందగిస్తోంది. చైనా మొబైల్ పెట్టుబడి వ్యయం 2023లో సుమారు 18,000 కోట్ల యువాన్లు ఉంటే 2024లో 16,400 కోట్లకు తగ్గింది. అందులోనూ కంప్యూటింగ్ కేంద్రాల వాటా పెరుగుతోంది. ఖర్చు తగ్గినప్పుడు ముందుగా బిగించేది సేవా ఒప్పందాల ధరలనే.

ఆంక్షల సంగతీ ఇక్కడ చెప్పుకోవాలి. 2018లో అమెరికా సరఫరాలు నిలిపివేయడంతో జడ్‌టీఈ ప్రధాన కార్యకలాపాలే ఆగిపోయాయి. భారీ జరిమానా కట్టాక గానీ అది బయటపడలేదు. 2019 మేలో హువావే వంతు వచ్చింది. దాని ఆదాయం 2020లో 89,140 కోట్ల యువాన్ల నుంచి మరుసటి ఏడాది 63,680 కోట్లకు పడిపోయింది. 2022 ఆగస్టులో రెన్ ఉద్యోగులకు రాసిన లేఖలో మనుగడే ప్రధాన లక్ష్యమని చెప్పి, ఆ చలి ప్రతి ఒక్కరికీ తగలాలన్నారు. 2024 నాటికి ఆదాయం మళ్లీ 86,000 కోట్లు దాటింది. ఆ మధ్య కాలంలో విదేశీ చిప్‌ల స్థానంలో స్వదేశీ చిప్‌లు పెట్టే పని, దానికి తగ్గ పరీక్షలు అదనపు భారంగా వచ్చిపడ్డాయి. దేశభక్తి, సంస్థ మనుగడ, సొంత బోనస్ ఒకే దిశలో లాగుతున్నప్పుడు ఎనిమిది గంటల దినం అడగడం స్వార్థంలా కనిపించే వాతావరణం ఏర్పడింది.

ముప్పై అయిదేళ్ల గీత ఇంకొకటి. ఉద్యోగ ప్రకటనల్లో ఈ వయోపరిమితి మామూలైపోయింది. ప్రభుత్వ సర్వీసు పరీక్షలోనూ ఇదే గీత ఉండేది. 2025 అక్టోబరులో దాన్ని సాధారణ అభ్యర్థులకు 38 ఏళ్లకు సడలించారు. రాత్రి పనిని శరీరం తట్టుకునే వయసులోనే పై మెట్టు ఎక్కాలన్న తొందర జూనియర్లలో ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

## భారత్‌లో ఇదే పని ఎలా సాగుతోంది

రాత్రి కట్‌ఓవర్, అలారాల తెర, ఫిర్యాదు టికెట్ల గడువు... హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నిర్వహణ కేంద్రంలో షిఫ్టు చేసిన తెలుగు ఇంజినీరుకు ఇవేవీ కొత్త కాదు. అమలు చేసే ఏర్పాటులోనే తేడా ఉంది. ఎయిర్‌టెల్ 2004లో తన నెట్‌వర్క్ నిర్వహణను ఎరిక్సన్‌కు అప్పగించింది. ఆపరేటర్ వ్యాపారం చూసుకుంటే, తయారీ సంస్థ నెట్‌వర్క్ నడుపుతుందన్న ఈ నమూనా భారత్‌లో బాగా వ్యాపించింది. చైనా ఆపరేటర్లు నిర్వహణ పగ్గాలను చేతిలోనే ఉంచుకుని, కాళ్లతో చేసే పనిని బయటికిచ్చారు. అందువల్ల భారత్‌లో జూనియర్ ఇంజినీరుకు ఎరిక్సన్, నోకియాల కింద పనిచేసే ఉప గుత్తేదారు సంస్థ తొలి గుమ్మం అవుతోంది. చైనాలో ఆ అవకాశం ప్రభుత్వ రంగం దాకా విస్తరించి ఉంది.

హువావే 1999లోనే బెంగళూరులో పరిశోధన కేంద్రం తెరిచింది. 2015లో 17 కోట్ల డాలర్ల పెట్టుబడితో అక్కడ కొత్త ప్రాంగణం కట్టింది. తెలుగు ఇంజినీర్లకు చైనా సంస్థ పని పద్ధతి ఎక్కువగా పరిచయమైంది అక్కడే. 2021 జూన్ నుంచి ‘విశ్వసనీయ వనరుల’ నిబంధన అమల్లోకి వచ్చింది. భారత ఆపరేటర్లు కొత్త పరికరాలను ప్రభుత్వం ఆమోదించిన వారి దగ్గరే కొనాలి. 5జీ ప్రయోగాలకూ హువావే, జడ్‌టీఈలు లేకుండానే అనుమతులు ఇచ్చారు. దీంతో భారత్‌లో చైనా పరికరాల మీద నైపుణ్యానికి గిరాకీ పరిమితమైంది. గల్ఫ్‌లో పరిస్థితి భిన్నం. ఎస్టీసీ, జైన్ లాంటి ఆపరేటర్ల 5జీలో హువావే పరికరాలున్నాయి. అమీర్‌పేటలో సిస్కో పాఠాలు నేర్చుకుని అక్కడికి వెళ్లేవారికి హువావే ధ్రువపత్రాలు, అంటే హెచ్‌సీఐఏ నుంచి హెచ్‌సీఐఈ దాకా ఉన్న మెట్లు, ఇప్పటికీ పనికొస్తాయి. వెళ్లే ముందు నియామక పత్రం ఆపరేటర్‌దా, తయారీ సంస్థదా, మనుషుల సరఫరా సంస్థదా అన్నది చూసుకోవడం జీతం అంకె చూసుకోవడమంత ముఖ్యం.

## మార్పు ఎటు నుంచి రావచ్చు

2025 మార్చిలో చైనా ప్రభుత్వం వినియోగాన్ని పెంచే ప్రణాళికలో భాగంగా ఉద్యోగుల విశ్రాంతి, సెలవుల హక్కును కాపాడాలని ప్రకటించింది. ఆ రోజుల్లోనే కొన్ని పెద్ద తయారీ సంస్థలు సాయంత్రం నిర్ణీత వేళకు కార్యాలయం ఖాళీ చేయాలని ఆదేశాలిచ్చాయి. కార్యాలయాల్లో ఊరికే కూర్చునే గంటలు దీనివల్ల తగ్గవచ్చు. టెలికాం రాత్రులను ఇది పెద్దగా తాకదు. రద్దీ తక్కువగా ఉండే వేళ మారనంత కాలం కట్‌ఓవర్ రాత్రే జరుగుతుంది.

ఆ రాత్రుల సంఖ్యను తగ్గించగలిగేది ఆటోమేషన్. చైనా మొబైల్ తన నెట్‌వర్క్‌ను 2025 నాటికి స్వయంచాలనలో నాలుగో స్థాయికి, అంటే చాలా పనులు మనిషి ప్రమేయం లేకుండా జరిగే స్థాయికి, చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. అలారాలను జోడించి మూల కారణం తేల్చడం, కాన్ఫిగరేషన్‌ను ముందుగానే నమూనాలో పరీక్షించడం, మార్పు తర్వాత జాబితాలను పోల్చడం ఇప్పటికే సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్తున్నాయి. ఇవన్నీ ఇన్నాళ్లూ జూనియర్ ఇంజినీరు పని నేర్చుకున్న మెట్లు. వాటిని యంత్రం తీసుకుంటే నిద్ర లేని రాత్రులు కొన్ని తగ్గుతాయి. పాత కాన్ఫిగరేషన్‌ను వరుస వరుసా చదివి నెట్‌వర్క్‌ను అర్థం చేసుకునే అవకాశమూ తగ్గుతుంది. రాక్ వెనక ప్యాచ్ కార్డు మార్చే చేతికి ప్రత్యామ్నాయం ఇంకా రాలేదు. కాబట్టి ముందుగా కుదించుకుపోయేది తెర ముందు కూర్చునే తొలి స్థాయి ఉద్యోగాలే. రాత్రి యంత్రాల గదికి వెళ్లాల్సిన మనిషి మిగులుతాడు. మూడు ఒప్పందాల్లో అతి బలహీనమైనది అతని చేతిలోనే ఉంది. 2014 నాటి 10 శాతం పరిమితిని సేవా ఒప్పందాలకూ వర్తింపజేస్తారా లేదా అన్నదాన్ని బట్టే అతని పరిస్థితి మారుతుంది. గడువు తప్పినందుకు పడే కోతను జీతానికి బదిలీ చేయకుండా ఆపే నిబంధన వస్తుందా అన్నది రెండో ప్రశ్న.